కారు రంగుకు మెరుగు: యంత్రమును ఎన్నుకొనుట

కారు కొన్న రెండు మూడు సంవత్సరములకు యజమానికి ఒక దిగులు పట్టుకొనును. నీడలో చూచినపుడు బండి కొత్తదానివలెనే ఉండును. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలిపినపుడు, లేక రాత్రి పెట్రోలు బంకు దీపముల క్రింద ఆగినపుడు, బానెట్టు మీద సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు వేలకొలది బయటపడును. నల్లని కారైనచో చెప్పనక్కరలేదు. ఆ గీతలను తీసివేయు పనిని వృత్తివారు ‘పెయింట్ కరెక్షన్’ అందురు. దానికి వాడు విద్యుత్ యంత్రము పాలిషర్. ఒకప్పుడు షెడ్డులలో మాత్రమే కనబడిన ఈ యంత్రము ఇపుడు హార్డువేరు దుకాణములలోను, ఆన్‌లైన్ అంగళ్ళలోను ఎవరికైనను దొరకుచున్నది. ఏది కొనవలెను, అసలు కొనవలెనా అని మమ్ము అడిగిన మిత్రులు పలువురు. వారికి చెప్పిన సమాధానమునే ఇచట కొంత వివరముగా మనవి చేయుచున్నాము.

ముందుగా ఆ గీతల సంగతి. అవి గుండ్రని గీతలని చాలమంది అనుకొందురు. నిజమునకు కావు. ఇంటిలోని పాత స్టీలు పళ్ళెమును దీపము క్రింద పట్టి చూడుడు. దీపపు ప్రతిబింబము చుట్టు వలయములుగా గీతలు కనబడును. పళ్ళెమును అటునిటు కదల్చినచో ఆ వలయములు కూడ ప్రతిబింబము వెంబడి కదలిపోవును. గీతలు అన్ని దిక్కులకు పోవుచునే ఉన్నవి. వానిలో వెలుగుకు అడ్డముగా ఉన్నవి మాత్రమే కంటికి తళుక్కుమనును. కారు మీది గీతలును అట్టివే. వానికి ముఖ్య కారణము మనము బండి కడుగు తీరు. తెల్లవారుజామున ఒక బకెట్టు నీరు, ఒక పాత గుడ్డ, దుమ్మును నీటిధారతో వదల్చకయే తుడుచుట. ఆ గుడ్డలో చిక్కిన ఇసుక రేణువులు ప్రతిదినము కొన్ని గీతలు గీయును.

ఇక ఆ గీతలు దేనిమీద ఉన్నవో తెలిసికొనవలెను. నేటి కార్లలో అధికభాగము రేకు మీద నాలుగు పొరలుండును. తుప్పు పట్టకుండ కాపాడునది ఒకటి, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నింటికిని పైన రంగులేని పారదర్శకమైన పొర. ఈ చివరి పొర పేరు క్లియర్ కోట్. నాలుగు పొరలును కలిసి సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మనము వ్రాసికొను తెల్లకాగితము మందము సుమారు 100 మైక్రాన్లు. అనగా కారు మీది రంగంతయు ఒక కాగితమంత, లేక దానికి కొంచెము మించి. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు మాత్రమే. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి క్రింది రంగును కాపాడునది ఆ పలుచని పొరయే.

పూర్వము సంగతి వేరు. మన పట్టణములలో తుంపర రంగును నేటికిని ‘డ్యూకో’ అనుట కలదు. అది 1923లో అమెరికాలోని జనరల్ మోటార్స్ వాడుకలోనికి తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకరు పేరు. ఆనాటి లాకరులలోను, తరువాతి ఎనామెలులలోను పైన వేరే పారదర్శకపు పొర లేదు. పైనుండి ప్రైమరు వరకు రంగే. మా చిన్ననాట అంబాసిడర్ కార్లకు గుడ్డతో రబ్బింగు కాంపౌండు రుద్దుచుండిరి. కారు రంగు గుడ్డకు అంటుచుండెను, క్రింది కొత్త రంగు మెరయుచుండెను. ఏటేటా రుద్దించుట మంచిదను నమ్మకము ఆ కాలపుది. 1980ల నుండి ప్రపంచమంతట వ్యాపించిన క్లియర్ కోట్ విషయమున ఆ నమ్మకము చేటు చేయును.

ఏలయనగా, గీతను ‘తీయుట’ అనునది లేదు. గీత ఒక పల్లము. దాని చుట్టునున్న మిట్టను పల్లము అడుగు వరకు అరగదీసినపుడు గీత మాయమగును. గట్టి కాంపౌండుతో ఒకమారు పని చేసినచో రెండు మూడు మైక్రాన్లు పోవచ్చును. అది తిరిగి వచ్చునది కాదు. క్లియర్ కోట్ మనకు కంపెనీవారు ఇచ్చి పంపిన మూలధనము. ప్రతి పాలిషు అందులోనుండి చేయు ఖర్చు. గోరుతో అడ్డముగా గీచినపుడు గోరు తగులుకొనునంతటి లోతైన గీతను పూర్తిగా తీయబూనుట ఆ ధనమును ఒక్కదినమున వ్యయము చేయుటయే. అట్టిదానిని కొంత మందగింపజేసి వదలివేయుట మేలు.

ఈ మాట మేము అనుభవమున నేర్చితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా ముదురు నీలము కారును ఒక షెడ్డునకు ఇచ్చితిమి. అచ్చటి కుర్రవానికి ఇరువది యేండ్లు నిండి ఉండవు. పనియందు శ్రద్ధ కలవాడే. బరువైన రోటరీ యంత్రముతో బానెట్టును అద్దమువలె చేసెను. వెనుక తలుపు అంచునకు వచ్చునప్పటికి యంత్రము కొద్దిగా ఒరిగినది. ఒక్క క్షణము. అంచు వెంబడి బెత్తెడు పొడవున రంగు మాడి, బూడిదరంగు ప్రైమరు బయటపడినది. ఆ కుర్రవాడు యంత్రమును ఆపి, కూలి పోవునేమోయని మా ముఖము వంకను యజమాని ముఖము వంకను మార్చి మార్చి చూచెను. తలుపునకు కొత్తరంగు వేసిరి. ఇప్పటికిని ఎండలో ఆ తలుపు మిగిలిన కారుతో కలియదు. చేతిలో నైపుణ్యము ఇంకను కుదరనివానికి, తప్పును సహింపని యంత్రమును ఇచ్చినారు. తప్పు అచట జరిగినదని మాకు తరువాత తోచినది.

కావున యంత్రమును ఎన్నుకొనునపుడు మొదటి ప్రశ్న దాని బలమును గూర్చి కాదు. మన చేయి తప్పినపుడు అది ఏమి చేయుననునది. ఆ దృష్టితో చూచినచో యంత్రములు మూడు తెగలు.

మొదటిది రోటరీ. ఇది తిరగలి వంటిది. నడిమి మేకు చుట్టు పై రాయి తిరిగినట్లు, ప్యాడు ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగును. మధ్యభాగము మెల్లగాను, అంచు మిక్కిలి వేగముగాను పోవును. ఎంత ఒత్తినను ఆగదు. ఒకేచోట నిలిపినను, ఒరిగినను వేడి అచ్చటనే పోగుపడును. లోతైన గీతలను త్వరగా కోయుటలో దీనికి సాటి లేదు. కాని అలవాటు లేని చేతిలో అది రంగును మాడ్చును, లేదా ఎండలో నూనె తెట్టువలె మెరయు చారలను వదలును. ఈ చారలను వృత్తివారు ‘హోలోగ్రాములు’ అందురు.

రెండవది డ్యూయల్ యాక్షన్, వాడుకలో డి.ఎ. ఇది రుబ్బురోలు వంటిది. పొత్రము గుంట చుట్టును తిరుగును, తనచుట్టు తానును తిరుగును. ఇందులోను ప్యాడు ఒక చిన్న వలయమున పరిభ్రమించుచు, బేరింగు మీద స్వేచ్ఛగా తనచుట్టు తాను తిరుగుచుండును. ఒక రేణువు నడచిన దారిన మరల అదే రేణువు నడవదు గనుక చారలు పడుట అరుదు. దీని గొప్ప గుణము మరియొకటి. గట్టిగా ఒత్తినను, అంచున ఒరిగినను ప్యాడు తనచుట్టు తాను తిరుగుట మానివేయును. కొత్తవారు దీనిని లోపమనుకొందురు. అదియే దాని రక్షణ. ప్లేటు అంచున పెన్నుతో ఒక గీత గీసికొనినచో ప్యాడు తిరుగుచున్నదో ఆగినదో కంటికి తెలియును.

మూడవది పండ్లచక్రములతో బలవంతముగా తిరుగునట్టి డి.ఎ. ఇది పై రెంటికిని నడుమది. పరిభ్రమణమును కలదు, ప్యాడు ఆగిపోవుటయు లేదు. వంపుల మీద దీని పని బాగుండును. కుదుపు మాత్రము ఎక్కువ. రెండవ తెగ యంత్రముతో రెండు మూడు కార్లు చేసినవారు దీనికి రావచ్చును.

ఇంటివాడుకకు మా సలహా రెండవ తెగయే. అందులోను చూడవలసిన అంకెలు రెండు. ఒకటి ‘త్రో’, అనగా ప్యాడు పరిభ్రమించు వలయపు వ్యాసము. ఇవి 8, 15, 21 మిల్లీమీటర్లుగా ఎక్కువగా దొరకును. 21 మిల్లీమీటర్లది పెద్ద బానెట్టు, టాపు వంటి చదునైన భాగములను త్వరగా ముగించును. వంపులలో తరచుగా ఆగును. మన వీధులలో ఎక్కువగా కనబడు చిన్న కార్లకు వంపులు, ఇరుకులు హెచ్చు. వానికి 15 మిల్లీమీటర్లది అనుకూలము. రెండవ అంకె బ్యాకింగ్ ప్లేటు కొలత. 5 అంగుళములది మొదటివారి చేతికి లొంగును. అద్దముల ప్రక్కల, స్తంభముల వద్ద పనికి 3 అంగుళముల ప్లేటు ఉపయోగపడును. ఐతే అది యంత్రము త్రోకు తగినదో కాదో విచారించి కొనవలెను.

దుకాణములో మరికొన్ని సంగతులు పరీక్షింపుడు. వేగమును మార్చు చక్రము ఉండవలెను. మీట నొక్కగానే ఒక్కుదుటున దుముకక మెల్లగా అందుకొనవలెను. ఒత్తిడి పడినపుడు వేగము తగ్గకుండ చూచు ఏర్పాటున్న మరీ మంచిది. కార్బన్ బ్రష్షులు, ప్లేట్లు మీ ఊరిలో దొరకునా, మరమ్మతు చేయువారున్నారా అని అడుగుడు. చేతిలో పట్టుకొని రెండు నిమిషములు నిలిచి చూడుడు. పని గంటలతరబడి సాగునది.

రెండు హెచ్చరికలు. హార్డువేరు దుకాణములలో యాంగిల్ గ్రైండరుకు స్పాంజి తగిలించి పాలిషరని చూపువారు కలరు. నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 మార్లు తిరుగును. రంగు మీద రోటరీని వృత్తివారు సైతము 2,000కు మించి త్రిప్పుట అరుదు. ఆ గ్రైండరును కారు దరికి రానీయరాదు. ఇక అమెరికాలోని అబ్బాయి వచ్చునపుడు యంత్రము తెప్పించుకొను కుటుంబములు మనలో ఎన్నియో. అచ్చటి యంత్రము 120 వోల్టులది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. నేరుగా తగిలించినచో మోటారు కాలిపోవును. తగిన ట్రాన్స్‌ఫార్మరు బరువును, ఖరీదును లెక్కించినచో ఇచ్చటనే కొనుట తేలిక.

యంత్రముకంటె ప్యాడు, మందు ముఖ్యమని పనివారందరు ఒప్పుకొందురు. ఉన్ని ప్యాడు, మైక్రోఫైబరు ప్యాడు ఎక్కువ కోయును. గట్టి స్పాంజి అంతకు తక్కువ. మెత్తని స్పాంజి మెరుగుకు మాత్రమే. మందులలోను కాంపౌండు కోతకు, పాలిషు మెరుగుకు. స్పాంజి ప్యాడులు వేడిచే అలసిపోవును గనుక ఒక కారుకు నాలుగైదు ఉండవలెను. యంత్రమునకే డబ్బంతయు పెట్టి ఒకే ప్యాడుతో బయలుదేరినవారికి నిరాశ తప్పదు.

పని తీరు ఇట్లు. కారును బాగుగా కడిగి, క్లే బార్‌తో అంటుకొన్న మురికిని తీసి, నీడలో, రేకు చల్లగా ఉన్నపుడు ఆరంభింపవలెను. అంచులకు, రబ్బరుకు, ప్లాస్టిక్కునకు మాస్కింగ్ టేపు అంటింపవలెను. అంచులమీద రంగు మరింత పలుచన. మొదట రెండడుగుల చదరమును ప్రయోగమునకు తీసికొనుడు. మెత్తని ప్యాడు, తేలిక పాలిషుతో మొదలిడుడు. శనగగింజంత చుక్కలు నాలుగు చాలును. యంత్రమును రంగుకు ఆనించిన తరువాతనే మీట నొక్కవలెను. సెకనునకు ఒక అంగుళము చొప్పున, ఒక వరుస సగము మీదికి మరియొక వరుస వచ్చునట్లు, నిలువుగా ఒకమారు, అడ్డముగా ఒకమారు నడపవలెను. పిదప నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టార్చి వెలుగులో చూడుడు. కొన్ని పాలిషులలోని నూనెలు గీతలను కప్పి మోసము చేయును. ఆల్కహాలు ఆ ముసుగును తొలగించును. పని చాలనిచో అపుడు మాత్రమే ఒక మెట్టు పైకి పోవలెను. తేలిక మందుతో నూటికి డెబ్బది గీతలు పోయినచో తక్కినవానిని క్షమించుట వివేకము.

రంగు మందమును కొలుచు చిన్న పరికరము దొరకును. అది పొరలన్నింటి మొత్తమునే చెప్పును గాని క్లియర్ కోట్ ఎంతయో విడదీసి చెప్పదు. ఐనను ఉపయోగమున్నది. అన్నిచోట్ల 120 చూపి, ఒక్క తలుపు మీద 300 చూపినచో దానికి ఎప్పుడో మరల రంగు పడినదని గ్రహింపవచ్చును. 80 చూపినచో ఆ చోట యంత్రమును మోపకుండుట మంచిది. సామాన్యమైన పరికరములు లోహము మీదనే పనిచేయును. ప్లాస్టిక్ బంపరును కొలువలేవు. ఆ బంపరు వేడిని చెదరగొట్టజాలదు గనుక అచట రెట్టింపు జాగ్రత్త అవసరము.

ఇక అసలు కొనవలెనా? ఇంట ఒకే కారుండి, అయిదారేండ్లకు ఒకమారు పని పడువారు, డి.ఎ. యంత్రముతో చేయు నమ్మకమైన పనివానిని వెదకి, దగ్గర నిలిచి చేయించుకొనుట చాలును. ఏ యంత్రము వాడుదువని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. రెండు మూడు వాహనములుండి, ఓపిక గలవారు కొనవచ్చును. ఎవరైనను ముందుగా కొనవలసినవి రెండు బకెట్లు, షాంపూ, ఒక మంచి మైక్రోఫైబరు మిట్టు. ముందు నీటిధారతో దుమ్ము వదల్చి, ఒక బకెట్టు నీటిలో మిట్టును జాడించి, రెండవ బకెట్టు సబ్బునీటిలో ముంచి కడుగుడు. బండి కడుగుటకు వచ్చు అబ్బాయికి కూడ ఈ పద్ధతిని ఒకమారు చేసి చూపుడు. పొడి గుడ్డతో దుమ్ము దులుపవద్దని అతనికి ఇంతవరకు ఎవరును చెప్పి ఉండకపోవచ్చును.