వాగ్దానము వెనుకనున్న ఉత్తరము

సండే స్కూలులోనో, స్త్రీల కూడికలోనో, యౌవనస్థుల మధ్యనో వాక్యము బోధించే బాధ్యత మీలో చాలామందికి ఉంది. ఆ పాఠమును ఎలా సిద్ధపరచుకోవాలి? ఈ దినము ఒకే వచనమును తీసుకొని ఈ సంగతి ధ్యానిద్దాము.

యిర్మీయా 29:11. మీకు బాగా తెలిసిన వచనమే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డులలో ఎన్నిసార్లు వచ్చిందో! దేవుని తలంపులు తన ప్రజల మేలుకే గాని కీడుకు కావని, ముందున్న దినములకు ఆశ ఉన్నదని చెప్పే మాట.

చాలా సంవత్సరముల క్రితం నేను దీనిమీద పిల్లలకు పాఠము చెప్పాను. శనివారం రాత్రి పది గంటలకు బైబిలు తెరిచి, ఆ ఒక్క వచనము చదివి, రెండు సాక్ష్యములు జోడించుకున్నాను. "ఈ వాగ్దానము పట్టుకోండి, తప్పక పాసవుతారు" అన్నాను. ఫలితాలు వచ్చాక ఇంటర్ చదివే ఒక అబ్బాయి వచ్చి, "అన్నయ్యా, దేవుడు మాట తప్పాడా, లేక నాకే విశ్వాసం లేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అధ్యాయమంతా చదివాను. పాఠము చెప్పకముందే చదవవలసినది.

మొదట, ఈ మాట ఎవరికి వ్రాయబడింది? అధ్యాయము ఆరంభము చూడండి. ఇది ఒక ఉత్తరము. క్రీ.పూ. 597లో రాజైన యెకొన్యాతోపాటు నెబుకద్నెజరు చెరపట్టుకొనిపోయిన వారికి యిర్మీయా యెరూషలేమునుండి పంపాడు. సిద్కియా రాజు బబులోనుకు పంపిన ఇద్దరు మనుష్యుల చేతికిచ్చి పంపాడు. వారి పేర్లు కూడ అక్కడ ఉన్నాయి. పేర్లు రాగానే మనము దాటిపోతాము. దాటవద్దు. నిజమైన మనుష్యులు, నిజమైన ప్రయాణము, నిజమైన ఉత్తరము.

తరువాత, దానికి ముందు ఏముంది? 28వ అధ్యాయములో హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరములలోనే అందరూ తిరిగివస్తారని ప్రకటించి, యిర్మీయా మెడమీది కాడిని తీసి విరిచాడు. జనులకు ఎంత తీపి మాట! యిర్మీయా ఉత్తరమో, ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థించండి అంటుంది. 10వ వచనములో లెక్క ఉంది: 70 సంవత్సరములు. ఆ లెక్క చెప్పిన వెంటనే మన 11వ వచనము వస్తుంది. కార్డుమీద 10వ వచనము అచ్చువేయరు కదా!

ఇంకొక చిన్న సంగతి. మన తెలుగు బైబిలులో దేవుడు ఒక్కనితో మాట్లాడితే "నీవు" అంటాడు. ఇక్కడ "మీరు" అంటున్నాడు. హెబ్రీలోను బహువచనమే. ఇది చెరలోనున్న జనమంతటికి చేసిన వాగ్దానము. అయితే నీకు వర్తించదా? వర్తిస్తుంది, కాని ఆ జనములో ఒకరిగా, దేవుడు నియమించిన కాలము చొప్పున.

కాబట్టి పాఠము శనివారమునకు ఉంచకుండ సోమవారమే మొదలుపెట్టండి. 27 నుండి 29 వరకు ఒకే కూర్పున, రెండు మూడుసార్లు చదవండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అని నోటుబుక్కులో వ్రాసుకోండి. వ్యాఖ్యాన గ్రంథము చివర తెరవండి. రిఫరెన్సులు వెదకండి, ఆ 70 సంవత్సరములు మిమ్మును దానియేలు 9:2కు తీసుకొనిపోతాయి. అక్కడ, బబులోనులోనే వృద్ధుడైన దానియేలు యిర్మీయా మాటలు చదివి ఆ లెక్క గ్రహించాడు. దర్శనములు చూచినవాడు కూడ మరొక ప్రవక్త వ్రాసినది కూర్చుని చదివాడు! చదివి ఊరుకోక, ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని ప్రార్థించాడు.

నేను ఆ అబ్బాయి దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఇద్దరమూ ఉత్తరము మొదటినుండి చదివాము. 10వ వచనము దగ్గర ఆగి, వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని, "అయితే ఇది అందుకున్న పెద్దవాళ్లు చాలామంది అక్కడే చనిపోయివుంటారు కదా అన్నయ్యా?" అన్నాడు. అవునన్నాను. "మరి వాళ్లను తోటలెందుకు నాటమన్నాడు?" అని అడిగాడు. తరువాతి ఆదివారము ఆ ప్రశ్నే మా పాఠమైంది.