మోకాలు, మెడికల్ బోర్డు, మాజీ జవాను

మొగల్తూరు, నరసాపురం ప్రాంతానికి మిలిటరీ సర్వీసు కొత్త కాదు. ఇదే జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. పదిహేడేళ్లు సర్వీసు చేసి, పింఛనుతో పాటు పట్టేసిన మోకాలు కూడా వెంటబెట్టుకుని ఊరికి వచ్చిన ఒక జవానును ఊహించుకోండి. గొంతుక్కూర్చోలేడు. చేను గట్టు ఎక్కాలంటే పక్కవాళ్ల భుజం కావాలి. బీరువాలో ఒక ఉత్తరం ఉంటుంది. అతని మోకాలి జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు, కాబట్టి డిసేబిలిటీ పింఛను ఇవ్వలేమని దాని సారాంశం. ఇంగ్లీషులో, కార్యాలయం ముద్రతో వచ్చింది కనుక అదే చివరి మాట అనుకుని మడిచి లోపల పెట్టేస్తారు. అది చివరి మాట కాదు. దాని మీద అప్పీలు ఉంది, ఆ పైన మరో అప్పీలు ఉంది, ఆ తర్వాత కోర్టు ఉంది.

డిసేబిలిటీ పింఛనులో తేలాల్సినవి రెండే ప్రశ్నలు. జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం ఉందా? ఉంటే వైకల్యం ఎంత శాతం? సర్వీసు ముగిసేటప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు ఈ రెండింటికీ జవాబు రాస్తుంది. వైకల్యం వల్ల మధ్యలోనే పంపించేస్తే అప్పుడు కూర్చునే బోర్డును ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు అంటారు.

మోకాలి విషయంలో చిక్కంతా మొదటి ప్రశ్న దగ్గరే. ట్రైనింగులో గోడ దూకుతూ పడి లిగమెంటు తెగితే, ఆ రోజే యూనిట్‌లో ఇంజురీ రిపోర్టు రాసి ఉంటే దారి సుగమం. యూనిట్ ఏర్పాటు చేసిన వాలీబాల్, ఫుట్‌బాల్ పోటీలో తగిలిన దెబ్బనూ డ్యూటీలో తగిలినట్టే చూస్తారు. కానీ చాలా సందర్భాల్లో కుర్రవాడు మోకాలికి కట్టు కట్టించుకుని మర్నాడు పరేడుకు వెళ్లిపోతాడు. ‘ఇంత చిన్నదానికి రిపోర్టెందుకు’ అనుకుంటాడు. పదేళ్ల తర్వాత అదే మోకాలు అరిగి ఆస్టియో ఆర్థ్రైటిస్ అయినప్పుడు పాత దెబ్బకు రుజువు దొరకదు. బోర్డు వయసు మీదనో శరీర తత్వం మీదనో నెట్టేస్తుంది. ఇప్పుడు సర్వీసులో ఉన్న పిల్లలకు ఇంట్లోవాళ్లు ఫోనులో చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇది: దెబ్బ చిన్నదైనా ఆ రోజే కాగితం మీదకు ఎక్కించుకోమని.

కాగితం లేనివాళ్ల గతేమిటి? ఇక్కడే 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు ఆదుకుంటుంది. ఆయన 1985లో చేరి, తొమ్మిదేళ్లకు మూర్ఛ జబ్బుతో బయటికి వచ్చిన సైనికుడు. మోకాలి కేసు కాకపోయినా అందులోని సూత్రం మోకాలికీ వర్తిస్తుంది. చేరేటప్పుడు వైద్యులు పరీక్షించి ఆరోగ్యవంతుడని తీసుకున్నారు, అప్పటి రికార్డులో జబ్బు ఊసే లేదు. అలాంటప్పుడు తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలి. కాదంటే ఎందుకు కాదో బోర్డు కారణాలు రాయాలి. సందేహం ఉంటే అది సైనికుడి పక్షాన తేలాలి. కాబట్టి తిరస్కరణ ఉత్తరం చేతిలో పెట్టుకుని ముందు చూడాల్సింది బోర్డు కారణం రాసిందా లేదా అని. ఒక్క వాక్యంతో తేల్చేసి ఉంటే అప్పీలుకు అదే గట్టి ఆధారం.

అయితే ప్రతి మోకాలికీ పింఛను రాదు. ఆ మాట దాచి ఆశ పెట్టడం తప్పు. సెలవులో ఊళ్లో ఉండగా స్కూటర్ ప్రమాదానికి గురైన జుఝార్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు పింఛను నిరాకరించింది. సెలవులో ఉన్నవాడికీ ఉద్యోగ నియమాలు వర్తిస్తాయి, కానీ గాయానికీ మిలిటరీ పనికీ ఏదో ఒక ముడి ఉండాలంది. సంక్రాంతికి వచ్చి నరసాపురం రోడ్డు మీద బైకు మీంచి పడితే దావా నిలవడం కష్టం. సెలవు మీద ఇంటికి చేసే ప్రయాణం సంగతి వేరు. రైలు దిగుతూ గాయపడిన మదన్ సింగ్ షెఖావత్‌ను డ్యూటీలో ఉన్నట్టే లెక్కించాలని 1999లో ఇదే కోర్టు చెప్పింది.

ఇక శాతం. పూర్తికాలం చేసి దిగినవారికి 20 శాతం కంటే తక్కువ రాస్తే పింఛనులో వైకల్యానికి ఇచ్చే భాగం, అంటే డిసేబిలిటీ ఎలిమెంట్, రాదు. మోకాలికి ‘15-19’ అని రాసిన బోర్డు కాగితం అందుకే అంత బాధపెడుతుంది. వైకల్యం కారణంగా మధ్యలో పంపించేసినవారి వైకల్యాన్ని మాత్రం 20 శాతానికి పైనే ఉన్నట్టు భావించాలని 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న వచ్చిన రామ్ అవతార్ తీర్పు డబ్బు లెక్క మార్చేసింది. 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా సర్ది ఇవ్వడం అంతకుముందు మధ్యలో పంపించేసినవారికే ఉండేది. పూర్తికాలం చేసి దిగినవారికీ అది దక్కింది. ఆఖరి జీతం 40,000 అనుకుందాం. నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే నెలకు 12,000. 20 శాతానికి 2,400 వస్తుంది. దాన్ని 50గా సర్దితే 6,000. కరువు భత్యం అదనం. పాత పింఛనుదార్లు తమ పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ)లో ఏ శాతం ఉందో ఒకసారి చూసుకోవాలి. 2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవారికి కొత్త నియమాలున్నాయి. వైకల్యంతోనే సర్వీసులో కొనసాగి దిగినవారికి ఇచ్చేదాన్ని ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు. వాళ్లు పాత లెక్కలు పట్టుకోకూడదు.

అప్పీలుకు ముందు మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ నకలు తెప్పించుకోవాలి. ఇవ్వకపోతే రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మొదటి అప్పీలుకు ఆరు నెలలు గడువు. అదీ కాదంటే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలలే. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్‌లో ఆంధ్రప్రదేశ్ వారి కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మన్నించగలదు. అక్కడా ఓడితే హైకోర్టు రిట్ తలుపు మూసుకుపోలేదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మన్నిస్తారు కదా అని ఊరుకుంటే మాత్రం నష్టం మనదే. 2008లో వచ్చిన తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం ఆలస్యంగా వచ్చినవారికి పింఛను మంజూరైనా, బకాయిలు కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే. ఇరవై ఏళ్లు ఊరుకున్నవారు పదిహేడేళ్ల సొమ్ము వదులుకున్నట్టే. పైగా 2008 నియమాల్లో, దిగిన 15 ఏళ్ల తర్వాత పెట్టుకున్న దావాకు రుజువు భారం సైనికుడి మీదే పడుతుంది.

దరఖాస్తు రాయడం రాదనే మొహమాటం అక్కర్లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నది అందుకే. మాజీ సైనికులకు ఉచిత న్యాయసాయం కోసం 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన కూడా మొదలైంది. వెళ్లేముందు ఎముకల డాక్టరు దగ్గర మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో రాయించుకోండి. అమెరికాలో మాజీ సైనికుల మోకాలికి శాతం కట్టే కొలతల్లో ఈ డిగ్రీలు ప్రధానం: వంపు 45 డిగ్రీల దగ్గర ఆగితే 10 శాతం, 30 దగ్గర ఆగితే 20. మన బోర్డుల పద్ధతి వేరు. అయినా ‘నొప్పిగా ఉంది’ అన్న మాటకంటే కొలత బరువెక్కువ. మోకీలు మార్పిడి చేయించుకునేవాళ్లు ఆపరేషన్‌కు ముందు తీసిన ఎక్స్‌రేలు ఆసుపత్రిలోనే వదిలేసి రాకూడదు. పాత కీలు తీసేశాక అది ఎంత అరిగిందో చూపించేవి అవే.