ఇంజక్షనా, స్టెంటా? సాలూరు నుంచి చూస్తే

గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి గడ్డను కరిగించే ఇంజక్షన్. రెండోది యాంజియోప్లాస్టీ: మణికట్టు దగ్గరో తొడ దగ్గరో సన్నని గొట్టం ఎక్కించి, బెలూన్‌తో బ్లాకు తెరిచి స్టెంట్ వేయడం. నెత్తురు అందని గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. చచ్చిన కండరం మళ్లీ రాదు. కాబట్టి ఏది మేలని అడిగేటప్పుడు ఎంతసేపట్లో అందుతుందనీ అడగాలి.

ఇంజక్షన్ ప్రాణం నిలుపుతుందని 1986లో ఇటలీవారి జిస్సీ పరిశోధన తేల్చింది. దాదాపు 11,800 మంది రోగుల్లో స్ట్రెప్టోకైనేజ్ అనే ఈ రకం ఇంజక్షన్ అందినవారిలో 10.7 శాతం, అందనివారిలో 13 శాతం చనిపోయారు. నొప్పి మొదలైన గంటలోపే అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. తర్వాత యాంజియోప్లాస్టీ దాన్ని మించింది. 23 పరిశోధనల్లోని 7,739 మందిని 2003లో కలిపి లెక్కగట్టినప్పుడు, ఇంజక్షన్ పొందినవారిలో నూటికి 9 మంది, యాంజియోప్లాస్టీ జరిగినవారిలో ఏడుగురు మరణించారు. మళ్లీ పోటు రావడం 7 శాతం నుంచి 3కు తగ్గింది. విశాఖలో, పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉన్న మనిషికి ఇక సందేహం అక్కర్లేదు.

మన్యం అంచున ఉన్న సాలూరు మనిషి సంగతి వేరు. విశాఖ నూరు కిలోమీటర్ల పైమాటే. పాచిపెంట, మక్కువ మండలాల కొండల మీద కొన్ని ఊళ్ల నుంచి రోడ్డు దాకా రోగిని డోలీలో మోసుకు రావాలి. గుండెపోటని తేలిన 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ కుదరదనుకుంటే ముందు ఇంజక్షన్ ఇవ్వాలన్నది వైద్యలోకం ఒప్పుకున్న నియమం. ఇక్కడ ఆ గడువు దారిలోనే అయిపోతుంది.

సరిగ్గా ఇలాంటి రోగులనే 2013లో స్ట్రీమ్ పరిశోధన పోల్చింది. నొప్పి మొదలై 3 గంటలు దాటనివారు, గంటలో యాంజియోప్లాస్టీ అందే వీలు లేనివారు 1,892 మంది. టెనెక్టెప్లేజ్ ఇంజక్షన్ పొందినవారిలో 12.4 శాతం, నేరుగా యాంజియోప్లాస్టీకి వెళ్లినవారిలో 14.3 శాతం నెల రోజుల్లో మరణించడమో, షాక్, గుండె వైఫల్యం, మళ్లీ పోటు వంటివాటికి గురికావడమో జరిగింది. అంటే ఇంజక్షన్ వెనకబడలేదు. అయితే మెదడులో రక్తస్రావం ఇంజక్షన్ వర్గంలో 1 శాతం, రెండో వర్గంలో 0.2 శాతం. అందుకే 75 ఏళ్లు దాటినవారికి మోతాదు సగం చేశారు. గతంలో మెదడులో రక్తస్రావమైనవారికి ఈ మందు ఇవ్వరు. ఈసీజీలో ఎస్టీ గీత పైకి లేవని రకం గుండెపోటుకు ఇది పనికిరాదు.

సూది వేయడంతో పని అయిపోదు. గంట, గంటన్నరలో మళ్లీ ఈసీజీ తీస్తారు. పైకి లేచిన గీత సగమైనా దిగకపోతే గడ్డ కరగనట్టే, వెంటనే స్టెంట్ వేయగల ఆసుపత్రికి పంపాలి. స్ట్రీమ్‌లో మూడోవంతుకు మించి రోగులకు ఇలా అత్యవసరంగా గొట్టం ఎక్కించాల్సి వచ్చింది. గీత దిగినా 2 నుంచి 24 గంటల్లో యాంజియోగ్రామ్ జరగాలి. సూది పడింది కదా, నొప్పి తగ్గింది కదా అని ఇంటికి తీసుకుపోవడం ప్రమాదం.

తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్దవాటితో ఇలా ముడిపెట్టి చూశారు. 2017లో వెలువడిన ఫలితాల్లో ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023 సెప్టెంబరులో ఇలాంటి పథకం మొదలైంది. చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రుల్లోని గుండె వైద్యుల సలహాతో, నలభై వేల రూపాయల పైచిలుకు ఖరీదైన ఇంజక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం.

ఎంత మంచి మందైనా రోగి వచ్చాకే పనిచేస్తుంది. 2008లో వెలువడిన క్రియేట్ అధ్యయనంలో భారతీయ రోగుల్లో సగం మంది ఆసుపత్రి చేరడానికి 6 గంటలు పైనే పట్టింది. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని ఆసుపత్రిలో ముందుగా ఈసీజీ తీయమని అడగండి.