గోదావరి జమాఖర్చు

నా చిన్నతనంలో మా పెరట్లో నుయ్యి త్రవ్వించారు. పైన మెత్తని ఒండ్రు, దాని క్రింద ఇసుక, మళ్ళీ జిగురు మట్టి - పొరలు పొరలుగా కనిపించాయి. తాతయ్య ఆ ఇసుక చారను చూపించి, "ఒరే అబ్బాయ్, ఇదొక పెద్ద వరదరా! మెల్లగా పారే నీరు ఇంత ఇసుక మొయ్యలేదు. గోదావరి తన జమాఖర్చు తానే వ్రాసుకుంటుంది" అన్నారు.

అది ముసలాయన చమత్కారమనుకున్నాను. కాదు. 2006లో ఒక పరిశోధక నౌక గోదావరి ముఖానికి ఎదురుగా బంగాళాఖాతంలో, సుమారు 1,270 మీటర్ల లోతున, అడుగు నేలలోకి గొట్టం దింపి మట్టిని పొరలు చెదరకుండా పైకి తీసింది. అందులో పై ఎనిమిది మీటర్ల పైచిలుకు మట్టి సుమారు 11,000 ఏళ్ళ పద్దు! మట్టిలో దొరికిన సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి ఏ పొర ఎప్పటిదో లెక్క కట్టారు.

మరి వానల సంగతి మట్టికెలా తెలుసు? చామాకు మీద నీటిబొట్టు నిలవదు, చూశారు కదా? ఆకు మీది మైనపు పూత మహిమ అది. కొద్దో గొప్పో ప్రతి ఆకుకూ ఆ పూత ఉంటుంది. ఆకు కుళ్ళినా మైనం అంత తొందరగా చెడదు. ఏటి మట్టితో సముద్రం చేరుతుంది. అడవిచెట్ల మైనంలో బరువు కర్బనం పాలు తక్కువ. ఎండకు ఓర్చే గడ్డి మైనంలో ఎక్కువ. ఆ పాళ్ళే సాక్ష్యం.

2012లో ప్రకటించిన ఆ సాక్ష్యం ప్రకారం, 4,000 ఏళ్ళ క్రితం మొదలుకొని 1,700 ఏళ్ళ క్రితం దాకా గోదావరి సీమలో ఎండకు ఓర్చే మొక్కలు క్రమంగా హెచ్చాయి. ఆ తరువాత కూడా అవే నిలిచాయి. వానలు సన్నగిల్లాయన్న మాట.

వాన తగ్గితే నేల కోత కూడా తగ్గాలి కదా? పెరిగింది! 2017లో వెలువడిన పరిశోధనలో, ఆ కాలం నుంచి దక్కను నల్లనేలల మట్టి సముద్రానికి ఎక్కువగా చేరినట్లు తేలింది. పచ్చదనం పలచబడింది, దానికి తోడు సేద్యం పెరిగింది. బోసినేలకు ఒక్క జడివాన చాలు.

తాతయ్య పొలం గట్ల మీది గడ్డిని చెక్కనిచ్చేవారు కారు. ఆయన పోయాక, చాదస్తమని నేను చెక్కించేశాను. ఆ ఏడే గట్టు తెగి, చేని పైమట్టి కాలవ పాలయింది.

గోదావరి జమాఖర్చులో నా పేర కూడా ఒక పద్దు పడి ఉంటుంది. ఇప్పుడు మా గట్ల మీద మళ్ళీ గడ్డి పెరుగుతోంది.