ఇల్లంతా ఒకటే పాట!

తెల్లారగానే పూజగదిలో సుప్రభాతం మొదలవుతుంది. వంటింట్లో కాఫీ కలుపుతున్నా, మేడమీద మొక్కలకు నీళ్లు పోస్తున్నా అదే వినిపిస్తుంది. పిల్లాడు చదువుకునే గదిలో మాత్రం నిశ్శబ్దం. ఉన్నట్టుండి పాట ఆగి, 'ట్యాంకు నిండింది, మోటారు కట్టేయండి' అని ఓ గొంతు ఇల్లంతా చెబుతుంది. మళ్లీ పాట అందుకుంటుంది. ఇదంతా లక్షలు పోసి కట్టుకున్న విల్లాల్లోని వైభోగం అనుకుంటే పొరపాటే. అటకమీద పడేసిన పాత స్పీకర్లూ, చూపుడువేలంత కంప్యూటరూ ఉంటే మామూలు డాబా ఇంట్లోనూ సాధ్యమే!

బ్లూటూత్ చాలదా?

ఫోన్‌లో పాట పెట్టి బ్లూటూత్ స్పీకర్‌కు కలిపితే సరిపోదా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. మామూలు బ్లూటూత్ స్పీకర్ పది మీటర్లు దాటితే తడబడుతుంది. మధ్యలో కాంక్రీటు గోడలుంటే అంత దూరమూ రాదు. పోనీ ఒకే యాంప్లిఫయర్ నుంచి అన్ని గదులకూ వైర్లు లాగుదామా అంటే అక్కడో చిక్కు. 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగింటిని పక్కపక్కనే కలిపితే యాంప్లిఫయర్‌కు అవి 2 ఓమ్‌లుగా కనిపిస్తాయి. ఆ భారం మోయలేక అది వేడెక్కుతుంది, కాలిపోనూవచ్చు. పైగా అన్ని గదుల్లోనూ ఒకే పాట, ఒకే శబ్దం.

అందుకే గదికో చిన్న ప్లేయర్ పెట్టి, వాటన్నింటినీ వైఫైతో ఒక సర్వర్‌కు కలపడం మేలైన పద్ధతి. ఇక్కడ అసలు కిటుకంతా సమయంలో ఉంది. హాల్లో స్పీకర్ కంటే వంటింటి స్పీకర్ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైనా, గుమ్మంలో నిల్చున్నవారికి జాతరలో రెండు మైకులు విన్నట్టు మాట రెండుసార్లు వినిపిస్తుంది. స్నాప్‌కాస్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పాటలోని ప్రతి ముక్కకూ 'ఫలానా క్షణంలో మోగాలి' అని ముద్రవేసి పంపుతాయి. గదుల్లోని ప్లేయర్లు గడియారాలు సరిచూసుకుని ఒక్కసారే పాడతాయన్నమాట.

పెట్టె పోయినా పాట ఆగలేదు

2003లో అమెరికాలోని స్లిమ్ డివైజెస్ అనే చిన్న సంస్థ 'స్క్వీజ్‌బాక్స్' పేరిట నెట్‌వర్క్ ప్లేయర్ తెచ్చింది. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొనేసింది. 2012లో ఆ పెట్టెల అమ్మకాలకు స్వస్తి చెప్పింది. అయినా అవి మూలనపడలేదు. ఎందుకంటే వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉన్న ఓపెన్ సోర్స్. ఔత్సాహికులే దాన్ని నిలబెట్టారు. లిరియన్ మ్యూజిక్ సర్వర్ పేరుతో ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది.

మరోపక్క గూగుల్ 2015లో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ ఆడియో తెచ్చి, 2019లో తయారీ ఆపేసింది. 2025 మార్చిలో ఓ డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో ఇళ్లలో ఉన్న ఆ పరికరాలు కొన్ని రోజులపాటు మొరాయించాయి. కంపెనీ సరిదిద్దేదాకా యజమానులు చేయగలిగిందేమీ లేకపోయింది. అందుకే ఇంట్లోని పాట తాళంచెవి ఇంట్లోనే ఉండాలంటారు ఔత్సాహికులు.

ఏమేం కావాలి?

ప్రతి గదికీ రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ లాంటి బుల్లి కంప్యూటర్ ఒకటి. 2021లో విడుదలైనప్పుడు దీని ధర 15 డాలర్లు. దీనికి హెడ్‌ఫోన్ రంధ్రం ఉండదు కాబట్టి చిన్న డాక్ బోర్డు తగిలించాలి. డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చేది అదే. పాత హోమ్ థియేటర్‌కు ఆక్స్ సాకెట్ ఉంటే నేరుగా దానికే కలిపేయొచ్చు. లేదంటే 12 వోల్టులతో నడిచే క్లాస్-డి యాంప్లిఫయర్ బోర్డు చాలు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఇలాంటి సరుకుకు పెట్టింది పేరు. వాడకుండా పక్కనపెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్‌నూ ప్లేయర్‌గా మార్చుకోవచ్చు.

మాట్లాడే ఇల్లు

2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దీనికి జోడిస్తే పాటల పెట్టె కాస్తా ఇంటి గొంతుకవుతుంది. కాలింగ్ బెల్ మోగితే మేడమీది గదిలోనూ వినిపిస్తుంది. మందుల వేళ నాన్నమ్మకు గుర్తుచేస్తుంది. రాత్రి పదయ్యేసరికి శబ్దం దానంతటదే తగ్గుతుంది. అయితే గ్యాస్ లీకేజీ, మంటల్లాంటి వాటికి దీన్నే నమ్ముకోకూడదు. వైఫై ఆగితే ఇంటి గొంతూ ఆగుతుంది. వాటికి సొంతంగా మోగే అలారం విడిగా ఉండాల్సిందే.

మరికొన్ని జాగ్రత్తలు... స్పీకర్ వైర్లను 230 వోల్టుల కరెంటు తీగలున్న పైపులోంచి లాగకూడదు. కొత్తగా ఇల్లు కడుతుంటే వేరే పైపు వేయించుకుంటే మంచిది. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. పైకోర్‌ప్లేయర్ అయితే మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ భయం తక్కువ. సర్వర్‌నూ రౌటర్‌నూ, గదుల్లోని ప్లేయర్లనూ యాంప్లిఫయర్లనూ ఇన్వర్టర్‌కు కలిపితే కోతల వేళా పాట ఆగదు.

అన్ని గదులకూ ఒకేసారి సామాను కొనేయనక్కర్లేదు. ముందు హాలూ వంటగదీ చాలు. అవి రెండూ ఒక్క గొంతుతో పాడితే మిగతా గదులు వాటంతటవే క్యూ కడతాయి!