ఆస్పత్రి లెక్కలు కట్టేవాళ్ళు

మా పెదనాన్నది పలాస దగ్గర పల్లెటూరు. గుండెపోటు వస్తే విశాఖ తీసుకెళ్ళారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద స్టెంటు వేశారు. పదేళ్ళ ముందే బి.పి. బిళ్ళలు మొదలుపెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నాడట డాక్టరు. మస్కట్‌లో ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ప్రభుత్వం దగ్గరున్న రూపాయి స్టెంటుకి పెట్టాలా, ఊళ్ళో బి.పి. బిళ్ళకి పెట్టాలా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే శాస్త్రమే ఆరోగ్య ఆర్థికశాస్త్రం. ఒక మనిషికి ఒక ఆరోగ్యవంతమైన సంవత్సరం అదనంగా ఇవ్వడానికి ఏ పద్ధతిలో ఎంత ఖర్చవుతుందో పోల్చి చూస్తుంది. వినడానికి కర్కశంగా ఉంటుంది గానీ, లెక్క కట్టకపోయినా ఎంపిక జరిగిపోతూనే ఉంటుంది కదా!

మనం బతుకుతున్న ఒమన్ సంగతే చూడండి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఇక్కడి ఆస్పత్రులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాలను బేరీజు వేసి ఒమన్‌కు మొత్తం మీద 8వ స్థానం ఇచ్చింది. పెట్టిన ఖర్చుకు ప్రజల ఆరోగ్యం ఎంత మెరుగైందన్న కొలతలో అయితే మొదటి స్థానమే. మన దేశానిది 112. అయితే చాలా దేశాలకు సరైన సమాచారం దొరక్క అంచనాలతో నెట్టుకొచ్చారన్న విమర్శ గట్టిగా వచ్చింది. ఆ సంస్థ మళ్ళీ అలాంటి జాబితా వెయ్యలేదు. జెనీవాలో కూర్చుని కట్టిన లెక్కలో నిజమెంతో తేల్చాలంటే ఆ దేశంలోనే చదువుకున్న మనుషులుండాలి.

థాయిలాండ్ ఆ పని 2007లోనే మొదలుపెట్టింది. తమ పిల్లలకు తర్ఫీదిచ్చి, ఏ మందు కొనాలో, ఏది వద్దో తేల్చే సంస్థ పెట్టుకుంది. భారతదేశంలో అలాంటి విభాగం 2017లో గానీ రాలేదు. మనకు ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా 2007లోనే, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. ఏ ఊరివాడికి ఏ జబ్బుకు ఎంత చెల్లించారో కంప్యూటర్‌లో నమోదవుతూనే ఉంది. నాలాంటి డేటాబేసు మనిషికి అది బంగారు గని. కాని గని ఉంటే చాలదు, తవ్వేవాళ్ళు కావాలి. హైదరాబాదులో 2008లో ప్రజారోగ్య విద్యాసంస్థ ఒకటి తెరిచారు. మన ఇళ్ళలో మాత్రం ఇంటర్ పాసైన పిల్లలకు ఇలాంటి చదువొకటుందని ఎవరు చెబుతున్నారు? డాక్టరో, ఇంజనీరో, అంతే. నేనూ అలా వచ్చినవాడినే.

పెదనాన్న ఇప్పుడు రోజూ బిళ్ళలు వేసుకుంటున్నాడు. నెలకెంతవుతోందో ఫోనులో అడిగి రాసుకుంటున్నాను.