కాసు బంగారానికి ఎన్ని టన్నుల రాయి?
కోలారు గనుల ఊరు చూసి వచ్చాక వేసిన లెక్క

అమలాపురం, రాజోలు, కొత్తపేట బజార్లలో కొబ్బరి డబ్బయినా, ధాన్యం డబ్బయినా, గల్ఫు నుంచి వచ్చే డబ్బయినా చివరకు చేరేది నగల కొట్టుకే. అంబాజీపేటలో వెయ్యి కాయల ధర పుంజుకుంటే ఆ వేడి నెల తిరగకుండా బంగారం వర్తకుడికి తగులుతుంది. ధర, తరుగు, మజూరీ, బిస్కెట్టు నాణ్యం మన వర్తకులకు ఒకరు చెప్పనక్కర లేదు. కాగా గులకరాయి కూడా దొరకని ఈ లంక నేలల్లో పెరిగినవారికి సరుకు పుట్టే చోటు చూసే అవకాశం లేదు. మిల్లరుకు వరిచేను తెలుసు, కొబ్బరి దళారికి తోట తెలుసు, నగల వర్తకుడికి మాత్రం గని తెలియదు.

ఆ లోటు తీర్చుకోవడానికి మనకు అందుబాటులో ఉన్న ఊరు కోలారు బంగారు గనుల పట్టణం, కె.జి.ఎఫ్. సినిమా వచ్చాక ఆ మూడక్షరాలు పిల్లలకు కూడా తెలిశాయి గాని, సినిమాలో చూపిన దానికీ అక్కడ జరిగిన వ్యాపారానికీ పొంతన తక్కువ. బెంగుళూరు రైలు మార్గంలో బంగారుపేట దిగితే, దాని పాత పేరు బౌరింగుపేట, అక్కడ నుంచి మారికుప్పం దాకా చిన్న రైలు మార్గం ఉంది. గనుల కోసమే 1894లో వేసిన మార్గమిది. నేడు ఆ బండ్లలో పోయేది బంగారం కాదు, తెల్లవారకముందే బెంగుళూరుకు కూలికీ కొలువుకూ వెళ్ళే జనం. భాషకు ఇబ్బంది లేదు. గని కార్మికుల్లో ఎక్కువ మంది తమిళులే అయినా కోలారు జిల్లా అంతటా తెలుగు నడుస్తుంది. మాకు ఊరు చూపినాయన కూడా చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబంలోని పాత కార్మికుడే.

చేతిలో మిగిలిన సొమ్ముతో

ఇక్కడ బంగారం ఉందన్న సంగతి ఇంగ్లీషువారు కనిపెట్టింది కాదు. పూర్వులు రాతిని నిప్పుతో కాల్చి, పగలగొట్టి, లోతుగా తవ్వుకుపోయిన గుంతలు అప్పటికే ఉన్నాయి. 1802లో సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్ గ్రామస్థులు మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం చూశాడు. ఆ తర్వాత 70 ఏళ్ళు పెద్దగా ఏమీ జరగలేదు. న్యూజిలాండులో మావోరీ యుద్ధాల్లో పనిచేసి, అక్కడి గనుల గాలి తగిలిన మైకేల్ లవెల్ అనే ఐరిష్ సైనికుడు బెంగుళూరులో స్థిరపడ్డాక, 1873లో మైసూరు సర్కారుకు తవ్వకం హక్కు కోసం అర్జీ పెట్టుకున్నాడు. అతని చేతిలో పెట్టుబడి లేదు. హక్కు చేతులు మారి, 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగింది.

వర్తకులకు నచ్చే ఘట్టం ఇక్కడుంది. మైసూరు కంపెనీ వాటాదార్ల సొమ్ము దాదాపు కరిగిపోయింది, రాతిలో పడినది లేదు. దుకాణం మూసి మిగిలినది పంచుకుందామా, ఇంకొక్క ప్రయత్నం చేద్దామా అన్న తర్జనభర్జనలో టేలర్ మాట నెగ్గింది. ఆ మిగిలిన సొమ్ముతో తవ్వినప్పుడే ఛాంపియన్ రాతిపొర తగిలింది. దరిమిలా అవే వాటాలకు లండనులో వచ్చిన గిరాకీ ఊహించుకోవచ్చు. 1902 నాటికి 147 కిలోమీటర్ల అవతల ఉన్న శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో దీపం వెలిగింది ఆ తర్వాతే. 1905లో ఉత్పత్తి 19 టన్నుల ప్రాంతానికి చేరింది. మళ్ళీ ఆ అంకె రాలేదు.

మన కాసుతో కొలిస్తే

మిల్లరు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం లెక్క చూసుకుంటాడు. గనిలో చూసే దిగుబడి టన్ను రాతికి ఎన్ని గ్రాములు అని. టన్నంటే పది లక్షల గ్రాములు. తొలి రోజుల్లో కోలారు రాయి టన్నుకు 40 గ్రాములకు మించి ఇచ్చింది. ఎనిమిది గ్రాముల కాసుకు రెండు క్వింటాళ్ళ రాయి చాలిందన్నమాట, మూడు బస్తాల ధాన్యం బరువుకు తక్కువే. గనుల మొత్తం జీవితం మీద తీసిన రాయి సుమారు 5 కోట్ల 10 లక్షల టన్నులు, వచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. సగటున కాసుకు అర టన్ను రాయి. చివరి దశలో రాయి పలచబడి టన్నుకు మూడు గ్రాముల స్థాయికి దిగినప్పుడు అదే కాసుకు రెండున్నర టన్నులకు పైగా పగలగొట్టాలి.

అదీ ఎక్కడ నుంచి? ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీల పైమాట, చల్లగాలి యంత్రాలతో పంపితేనే మనిషి నిలబడగలిగేది. పైనున్న బరువుకు రాయి ఉన్నట్టుండి పగిలి మనుషుల మీద పడే ప్రమాదాన్ని అక్కడివారు రాక్ బరస్టు అంటారు. మాకు ఊరు చూపినాయన బంగారం గురించి చెప్పింది తక్కువ, దాని గురించి చెప్పింది ఎక్కువ. ఆ గనిలోనే 1965లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటు వారు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి న్యూట్రినో కణాల జాడ పట్టారన్నది వేరే కథ.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తమ చేతుల్లోకి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఖర్చు ధరను దాటిపోయి నష్టాలు పేరుకున్నాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

ఆ తేదీని బులియన్ వర్తకుడు మరొకసారి చదవాలి. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు పలికిన బంగారం 1999 వేసవిలో 250 డాలర్ల దరికి పడింది. గని మూతపడేనాటికి కూడా 260ల్లోనే మందకొడిగా ఉంది. మన దేశంలో పది గ్రాములు 4,300 రూపాయల ప్రాంతం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1999 జూలై నుంచి 2002 మార్చి లోపు, బ్రిటిష్ ప్రభుత్వం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వేలాల్లో దాదాపు 395 టన్నులు అమ్ముకున్నది. కోలారు 120 ఏళ్ళలో ఇచ్చిన దానిలో సగమది. 2025 అక్టోబరులో ఔన్సు 4,000 డాలర్లు దాటిన సంగతి తెలిసిన మనం వెనక్కి చూసి నవ్వడం తేలికే గాని, ఆనాడు మన బజార్లలో ఎంతమంది స్టాకిస్టులు ధైర్యం చేసి నిల్వ పెట్టారు?

మరొక పోలిక. మన దేశం ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 700, 800 టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటున్నది. కోలారు పుట్టింది మొదలు మూతపడేదాకా తీసినదంతా మనకు ఒక ఏడాది సరుకు.

చూడటానికి ఏముంది?

ఊళ్ళో షాఫ్టుల మీది ఇనుప గోపురాలు తుప్పు పట్టి నిలిచి ఉన్నాయి. దొరల బంగళాలు, క్లబ్బు, కార్మికులు బతికిన ఒంటిగది ఇళ్ళ వరుసలు చూడవచ్చు. గనిలోకి దిగే మాట లేదు, లోపలంతా నీరు నిండిపోయింది. ప్రహరీల లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. తెలిసినవారు వెంట ఉండి చెబితే తప్ప ఏది ఏమిటో కొత్తవాడికి బోధపడదు.

ఈ విషయంలో లవెల్ దొర వచ్చిన న్యూజిలాండు మనకంటే ముందుంది. ఆక్లండుకు రోడ్డు మీద గంటన్నర దూరంలో థేమ్స్ అనే ఊరుంది, 1867లో అక్కడ బంగారం పడింది. గని ఏనాడో ఉడిగిపోయింది. అయినా హౌరాకీ ప్రాస్పెక్టర్ల సంఘం సభ్యులు ఆ పాత గని చోటును ప్రదర్శనశాలగా మలచి, జీతం భత్యం లేకుండా నడుపుతూ వచ్చారు. టిక్కెట్టు సొమ్ము మరమ్మతులకు పోతుంది. వచ్చినవారిని సొరంగంలోకి తీసుకువెళ్ళి రాతిలోని తెల్లని చారను చూపుతారు. బయట ఇనుప రోకళ్ళ యంత్రాన్ని ఆడించి రాయి పిండి కావడం కళ్ళకు కట్టిస్తారు. ఆ పిండిని నీటితో పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారిస్తే బంగారం రేకుకు పట్టుకుంటుంది. పాదరసం గుణం మన స్వర్ణకారులకు కొత్త కాదు. ఆక్లండులో పిల్లలున్న మన గోదావరి జిల్లాల తల్లిదండ్రులు వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించదగిన చోటు.

రేకుకు పట్టుబడని బంగారాన్ని సైనైడు నీటితో కరిగించి తీసే పద్ధతిని గ్లాస్గోలో 1887లో కనిపెట్టారు. దానిని వ్యాపార స్థాయిలో తొలిసారి వాడినది కూడా థేమ్సుకు దగ్గరలోని కరంగహాకే గనిలోనే, 1889లో. ఆ పద్ధతి కోలారుకూ వచ్చింది, దాని గుర్తే ఇప్పుడు ఊరి చుట్టూ కనిపించే బూడిదరంగు సైనైడు దిబ్బలు. వానలకు చారికలు పడి, వేసవి గాలికి దుమ్ము లేచి, ఇళ్ళ మీద కమ్ముకుంటాయి. దగ్గు, ఆయాసం గురించి ఊరివారి మొర పాతదే.

దిబ్బల బేరం

వర్తకులకు ఆసక్తి కలిగించే అసలు సరుకు నేడు ఈ దిబ్బలే. 13 దిబ్బలు, సుమారు 1,003 ఎకరాలు, 3 కోట్ల 30 లక్షల టన్నుల పిండి రాయి. వీటి నుంచి మళ్ళీ బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదం తెలిపింది. ఒకసారి పిండిన పిప్పి కాబట్టి టన్నుకు గ్రాము కూడా ఉండదు. ముప్పాతిక గ్రాము చొప్పున కట్టినా మొత్తం 25 టన్నుల దరిదాపు, అందులో చేతికి వచ్చేది ఇంకా తక్కువ. కాసుకు పదిన్నర టన్నులు, అంటే లారీ లోడు. అయితే పగలగొట్టే ఖర్చు లేదు, మూడు కిలోమీటర్లు దిగే పని లేదు. 2001 ధరకు గిట్టని బేరం నేటి ధరకు గిట్టవచ్చు. ధర మళ్ళీ సగానికి పడితే దిబ్బ దిబ్బగానే ఉంటుంది.

దిబ్బలు కదిలితే ఊరి రూపు మారుతుంది, గోపురాలు పాత ఇనుము కింద తూకానికి పోయినా అడ్డుపడేవారు ఉండరు. 1963 బంగారం నియంత్రణ నిబంధనల నాడు 14 కారట్ల దెబ్బకు కలిసి నిలబడిన నగల వర్తక సంఘాలు, స్వర్ణకారుల సంఘాలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. ఈ సరుకు మీద బతికే వర్గం ఒక గోపురాన్నో, ఒక రోకళ్ళ యంత్రాన్నో దక్కించి, పాత కార్మికులతో చూపించే ఏర్పాటు చేయడం వారి శక్తికి మించినది కాదు. గనిలో పనిచేసిన తరం వయసు మీద పడుతున్నది. మాకు ఊరు చూపినాయన చేతికర్ర సాయంతో నడిచారు, ఇచ్చిన డబ్బు తీసుకోలేదు.

వెళ్ళదలచినవారికి: కాకినాడ నుంచి రాజమండ్రి మీదుగా బెంగుళూరు వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు బంగారుపేట మీదుగానే పోతుంది. అక్కడ నుంచి మారికుప్పం బండిలో ఛాంపియన్ స్టేషను దిగితే దిబ్బలు నడక దూరం. ఎండాకాలం గాలి రోజుల్లో వద్దు, వానలు వెలిశాక మంచిది.